బోడ్‌మాస్ చెప్పని సంగతి

పిల్లలూ, లెక్కల గురించి నా అభిప్రాయం చెప్పే ముందు, నేను చేసిన తప్పు ఒకటి మీకు చెప్పాలి.

బడిపంతులుగా చేరిన కొత్తలో ఆరో తరగతికి ఒక చిన్న పరీక్ష పెట్టాను. అందులో ఒక లెక్క ఇది: 10 – 4 + 3 ఎంత? ఒక అమ్మాయి 9 అని రాసింది. నేను ఎర్ర సిరాతో దాన్ని కొట్టేసి, పక్కన 3 అని రాసి సున్నా మార్కులు వేశాను. బోడ్‌మాస్ అనే మాటలో కూడిక అక్షరం ముందు వస్తుంది, తీసివేత అక్షరం చివర వస్తుంది. కాబట్టి ముందు నాలుగు, మూడు కూడితే ఏడు. పదిలోంచి ఏడు పోతే మూడు. నా చిన్నప్పుడు నేను నేర్చుకున్నది అదే. నేనూ అదే చెప్పాను.

ఆ అమ్మాయి కాగితం పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది.

"మాస్టారూ, నా దగ్గర పది రూపాయలున్నాయి. నాలుగు పెట్టి పెన్సిలు కొన్నాను. ఇంటికెళ్తే నాన్న మూడు రూపాయలిచ్చాడు. ఇప్పుడు నా దగ్గర మూడే ఉంటాయా అండీ?"

"నీ డబ్బుల సంగతి వేరమ్మా. లెక్కల్లో సూత్రం అట్లా ఉంది" అన్నాను.

ఆ అమ్మాయి ఇంకేమీ మాట్లాడకుండా వెళ్ళి కూర్చుంది. సాయంత్రం ఇంటికి వెళ్ళాక ఆ మాట నన్ను వదల్లేదు. డబ్బుల సంగతి వేరు, లెక్కల సంగతి వేరు అయితే ఇక లెక్కలెందుకు? కాగితం తీసి మళ్ళీ చూశాను. తప్పు నాదే. మర్నాడు తరగతిలో అందరి ముందూ ఆ సంగతి ఒప్పుకుని మార్కులు దిద్దాను. కానీ ముందురోజు ఆ పిల్ల నేర్చుకున్న పాఠం ఏమిటి? తన వేళ్ళ మీద తాను లెక్కపెట్టుకున్నదాని కంటే మాస్టారు చెప్పిన అక్షరాలే పెద్దవని. ఒక్క తప్పు మార్కు కంటే ఇది చాలా పెద్ద నష్టం. అందుకే ఈ వ్యాసం.

రెండు రకాల నియమాలు

మనం రోడ్డుకు ఎడమ పక్కన బండి నడుపుతాం. అమెరికాలో కుడి పక్కన నడుపుతారు. ఇందులో ఏది సరైనది? రెండూ సరైనవే. అందరూ ఒక పక్కకే ఒప్పుకుంటే చాలు. ఒప్పుకోకపోతే బళ్ళు గుద్దుకుంటాయి. ఇది ఒడంబడిక.

వేగంగా పోయే బండికి బ్రేకు వేస్తే అక్కడికక్కడే ఆగదు, కొంత దూరం పోయి ఆగుతుంది. ఇది ఎవరూ ఒప్పుకున్న సంగతి కాదు. ఏ దేశంలోనైనా, ఎవరు ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా అంతే. ఇది నిజం.

లెక్కల పుస్తకంలోనూ ఈ రెండు రకాల నియమాలూ ఉన్నాయి. చిక్కేమిటంటే, పుస్తకంలో రెండింటినీ ఒకే రకం పెట్టెలో, ఒకే రకం అక్షరాలతో అచ్చు వేస్తారు. ఏది ఒడంబడికో, ఏది నిజమో మేము మీకు చెప్పం. మీరు అన్నింటినీ కలిపి బట్టీ పడతారు. పరిక్రియలు ఏ క్రమంలో చేయాలన్నది ఒడంబడిక. ఘాతాంకాల సూత్రాలు నిజాలు. ఒడంబడికను గుర్తుపెట్టుకోవాలి. నిజాన్ని లెక్కపెట్టి చూసుకోవాలి. ఈ తేడా తెలియకుండా రెండు పాఠాలూ చెప్పడం మా ఉపాధ్యాయుల తప్పని నా అభిప్రాయం.

ఒడంబడికలకు పుట్టిన సంవత్సరాలుంటాయి. మనం రాసే '=' గుర్తును రాబర్ట్ రికార్డ్ అనే ఆయన 1557లో తన పుస్తకంలో మొదటిసారి వాడాడు. ఘాతాంకాన్ని సంఖ్య నెత్తిమీద చిన్న అంకెగా రాసే పద్ధతి ఫ్రెంచి గణితవేత్త రెనె డెకార్ట్ 1637లో అచ్చువేసిన జ్యామితి గ్రంథంతో వాడుకలో స్థిరపడింది. కానీ రెండును మూడుసార్లు వేసి గుణిస్తే ఎనిమిది రావడానికి పుట్టిన సంవత్సరం లేదు. ఆ చిన్న అంకె పుట్టక ముందూ అది ఎనిమిదే.

గుణకారం ముందెందుకు?

ఒడంబడిక అన్నాను కదా అని అది ఎవరో సరదాకి పెట్టిందనుకోకండి. మంచి ఒడంబడిక వెనక మంచి కారణం ఉంటుంది.

కొట్టుకి వెళ్ళారు. నలభై రూపాయల నోటుపుస్తకాలు మూడు, పది రూపాయల పెన్నులు రెండు కొన్నారు. బిల్లు ఎట్లా రాస్తారు?

3 × 40 + 2 × 10

కొట్టతను 120, 20 కలిపి 140 రూపాయలు అడుగుతాడు. ఆయన బోడ్‌మాస్ పేరు కూడా విని ఉండకపోవచ్చు. ఎడమనుంచి కుడికి వరసగా చేసుకుపోతే 120కి 2 కలిపి, దాన్ని పదితో హెచ్చవేసి 1220 అడగాలి. అట్లా అడిగే కొట్టుకి మళ్ళీ ఎవరూ వెళ్ళరు! మన అవసరాల్లో ఎక్కువ భాగం ఇట్లాంటివే: కొన్ని రకాల వస్తువులు, ఒక్కొక్క రకం కొన్ని, చివరికి అన్నీ కలిపి. అందుకే గుణకారం ముందు, కూడిక తరవాత అని పెట్టుకుంటే బ్రాకెట్లు తక్కువ పడతాయి.

ఇంతకంటే దగ్గరి ఉదాహరణ ఉంది. 345 అనే సంఖ్య అర్థమేమిటి? మూడు వందలు, నాలుగు పదులు, ఐదు ఒకట్లు.

3 × 10² + 4 × 10 + 5

దీన్ని విప్పి చూడండి. ముందు 10²ని నూరు చేశాం. తరవాత మూడుతో, నాలుగుతో గుణకారాలు చేశాం. చివరికి కూడాం. ముందు ఘాతాంకం, తరవాత గుణకారం, ఆ తరవాత కూడిక. ఒక్క బ్రాకెట్ కూడా పడలేదు. మీరు ఒకటో తరగతినుంచి రాస్తున్న సంఖ్యల్లోనే ఈ క్రమం దాగి ఉంది.

ఇంకో రకంగా చెబుతాను. గుణకారం కూడికల మూట. 3 × 4 అంటే 4 + 4 + 4. ఘాతాంకం గుణకారాల మూట. 2³ అంటే 2 × 2 × 2. బజారునుంచి తెచ్చిన సంచీలో మూటలుంటే ఏం చేస్తాం? ముందు మూటలు విప్పుతాం, తరవాత లోపలి సరుకు కలుపుతాం. 5 × 2³ అంటే 5 × 2 × 2 × 2, అంటే 40. ఐదును రెండుతో గుణించి పది చేసి, దాన్ని ఘనం చేసి వెయ్యి అనకూడదు. మూడు అనే చిన్న అంకె రెండు నెత్తిమీద ఉంది. ఐదు జోలికి అది పోదు.

అక్షరాలతో వచ్చిన తంటా

బోడ్‌మాస్ అన్న మాటలో ఆరు అక్షరాలున్నాయి: బ్రాకెట్లు, 'లో' అనే మాట, భాగాహారం, గుణకారం, కూడిక, తీసివేత. అమెరికా పిల్లలు పెమ్‌డాస్ అని ఇంకో మాట నేర్చుకుంటారు. అందులో బ్రాకెట్ల తరవాత ఘాతాంకం, తరవాత గుణకారం, దాని తరవాత భాగాహారం. చూశారా? మన మాటలో భాగాహారం ముందుంది. వాళ్ళ మాటలో గుణకారం ముందుంది.

24 ÷ 6 × 2 అనే లెక్క ఇద్దరికీ ఇద్దాం. అక్షరాలను నమ్ముకుని చేస్తే మన పిల్లవాడికి 8 వస్తుంది, అమెరికా పిల్లకు 2 వస్తుంది. ఒకే లెక్కకు రెండు దేశాల్లో రెండు జవాబులా? కాదు. అసలు ఒడంబడిక ఏమిటంటే గుణకార భాగాహారాలు రెండూ సమాన హోదా కలవి. ఎడమనుంచి ఏది ముందు వస్తే అది ముందు చేయాలి. కూడిక, తీసివేతలూ అంతే. 24 ÷ 6 × 2 రెండు దేశాల్లోనూ ఎనిమిదే. మాటలో అక్షరాలు ఒకదాని తరవాత ఒకటి రాయక తప్పదు కాబట్టి, లేని తేడా ఉన్నట్టు కనిపిస్తుంది. నేను పడ్డ గోతి అదే.

10 – 4 + 3లో నాలుగును అప్పుగా అనుకుని చూడండి. పది రూపాయలు, నాలుగు రూపాయల అప్పు, మూడు రూపాయలు. వీటిని ఏ వరసలో కలిపినా తొమ్మిదే. ఇక నేను రాసిన మూడు ఎక్కడిది? అది వేరే కథకు జవాబు: పది రూపాయలు తీసుకెళ్ళి నాలుగు రూపాయల పెన్సిలు, మూడు రూపాయల రబ్బరు కొన్నాను. అప్పుడు 10 – (4 + 3) అని రాయాలి. బ్రాకెట్ ఏ కథ చెబుతున్నామో చెప్పే గుర్తు.

మన బోడ్‌మాస్‌లో ఇంకో లోటుంది. రెండో అక్షరానికి 'లో' అని అర్థం చెప్పుకుంటే, ఘాతాంకానికి ఆ మాటలో చోటే లేదు! ముందు బోడ్‌మాస్ నేర్చుకుని, తరవాత ఘాతాంకాలు నేర్చుకున్న పిల్లలు దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక తికమక పడితే తప్పు వాళ్ళది కాదు.

కుంచంలో ఘాతాంకాలు

ఇక నిజాల దగ్గరికి వద్దాం. 2³ ఎంత అంటే ఆరు అనే పిల్లలు ప్రతి తరగతిలోనూ ఉంటారు. వాళ్ళను తిట్టి లాభం లేదు. ఘాతాంకం దేన్ని లెక్కపెడుతుందో వాళ్ళు కళ్ళతో చూడలేదు, అంతే.

మీ ఇంట్లో అమ్మమ్మనో నాయనమ్మనో పాతకాలపు కొలతలు అడగండి. మా కోస్తా వైపు లెక్క ఇది: రెండు గిద్దలు ఒక అరసోల, రెండు అరసోలలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. గిద్దనుంచి కుంచం దాకా ఆరుసార్లు రెట్టింపయింది. కుంచానికి ఎన్ని గిద్దలు? 2⁶, అంటే 64. రెండు ఆర్లు పన్నెండు అన్నవాడికి బియ్యం కొలిచి పెడితే యాభై రెండు గిద్దలు నష్టపోతాడు.

గిద్దనుంచి సోలకు రెండు రెట్టింపులు. సోలనుంచి కుంచానికి నాలుగు రెట్టింపులు. మొత్తం ఆరు. అందుకే 2² × 2⁴ = 2⁶. ఘాతాంకాలను ఎందుకు కూడుతున్నాం, ఎందుకు గుణించడం లేదు అని ఇక ఎవరినీ అడగనక్కరలేదు. మెట్లు లెక్కపెట్టారు, అంతే. కుంచంనుంచి రెండు మెట్లు దిగితే మానిక. 2⁶ ÷ 2² = 2⁴, అంటే 16 గిద్దలు.

మరి 2⁰ ఎంత? "సున్నా" అని గబుక్కున అనేస్తారు. గిద్ద దగ్గర నుంచుని ఒక్కసారి కూడా రెట్టింపు చేయకపోతే మీ చేతిలో ఏముంటుంది? ఒక గిద్దే ఉంటుంది. అది మాయమైపోదు. కాబట్టి 2⁰ = 1. ఇంకో మెట్టు కిందికి దిగితే అరగిద్ద, అది 2⁻¹. 'రెండును సున్నాసార్లు గుణించడం' అన్న మాటకు దానంతటదే అర్థం లేదు కాబట్టి ఇదీ మనం ఒప్పుకున్నదే. కానీ మెట్లు ఎక్కే దిగే నియమం చెడకుండా ఉండాలంటే ఒకటి తప్ప ఇంకేదీ ఒప్పుకోవడానికి వీలులేదు. ఇట్లాంటి ఒడంబడికలే లెక్కల్లో అన్నిటికంటే అందమైనవి.

ఇంకో తప్పు: (3 + 4)²ను 3² + 4² అనుకోవడం. ఇక్కడ సూత్రం అక్కరలేదు, గళ్ళ కాగితం చాలు. ఏడు గళ్ళ పొడవు, ఏడు గళ్ళ వెడల్పు చతురస్రం గీయండి. 49 గళ్ళు. ఒక మూలన మూడు మూళ్ళు 9, ఎదురు మూలన నాలుగు నాల్గులు 16 రంగు వేయండి. మొత్తం 25. మిగిలిన 24 గళ్ళూ రెండు దీర్ఘచతురస్రాలుగా మీ వైపు చూస్తుంటాయి. వాటిని మరిచిపోవడమే ఆ తప్పు.

యంత్రాలు కూడా ఒప్పుకోవాలి

ఒడంబడిక అంటే ఏమిటో యంత్రాల దగ్గర బాగా తెలుస్తుంది. కొట్లో ఉండే మామూలు కాలిక్యులేటర్ మీద 2 + 3 × 4 వరసగా నొక్కండి. చాలా వాటిలో 20 వస్తుంది. అది నొక్కింది నొక్కినట్టు చేసుకుపోతుంది. సైంటిఫిక్ కాలిక్యులేటర్‌లో 14 వస్తుంది. యంత్రం అబద్ధం చెప్పిందా? లేదు. తయారుచేసినవాళ్ళు దానికి వేరే ఒడంబడిక నేర్పారు.

మైనస్ మూడు వర్గం సంగతి చూడండి. పుస్తకాల ఒడంబడిక ప్రకారం –3² అంటే –9. ముందు వర్గం, తరవాత మైనస్. (–3)² అంటే 9. కంప్యూటర్‌లో ఎక్సెల్‌కు =-3^2 అని ఇస్తే 9 అంటుంది. పైథాన్ భాషలో -3**2 అని రాస్తే –9 అంటుంది. రెండుకు ఘాతాంకం మూడు, ఆ మూడుకు మళ్ళీ ఘాతాంకం రెండు అయితే? పైథాన్ పై అంతస్తునుంచి దిగి 2⁹ = 512 అంటుంది. పుస్తకాల పద్ధతీ ఇదే. ఎక్సెల్ ఎడమనుంచి పోయి 8² = 64 అంటుంది.

2019లో 8 ÷ 2(2 + 2) అనే లెక్క ప్రపంచమంతా తిరిగింది. జవాబు 16 అని కొందరు, 1 అని కొందరు తెగ వాదించుకున్నారు. ఎవరు గెలిచారని నన్ను అడిగితే, లెక్క రాసినవాడు ఓడిపోయాడంటాను. ఇంకో జత బ్రాకెట్లు పెట్టి ఉంటే ఆ వాదనే లేదు. చదివేవాడిని ఇరకాటంలో పెట్టడం తెలివి కాదు. రోడ్డు మీద చెయ్యి చూపకుండా బండి తిప్పినట్టే అది.

మల్లన రాసిన సంఖ్య

తొమ్మిది వందల ఏళ్ళకు పూర్వం మన తెలుగులో పావులూరి మల్లన అనే కవి, మహావీరాచార్యుల సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. చదరంగం బల్ల మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇట్లా 64 గళ్ళూ నింపితే మొత్తం ఎన్ని గింజలో ఒక పద్యంలో చెప్పాడు. మొదటి గడిలో ఉన్నది 2⁰, చివరి గడిలో ఉన్నది 2⁶³, మొత్తం 2⁶⁴ – 1. అంటే 1,84,46,74,40,73,70,95,51,615.

పద్యంలో అంకెలు లేవు, మాటలున్నాయి. బాణాలంటే ఐదు, చంద్రుడంటే ఒకటి, వేదాలంటే నాలుగు. ఈ మాటలను వరసగా రాసుకుపోతే ముందు 5, తరవాత 1, ఆ తరవాత 6 వస్తాయి. అంకెలు ఎడమవైపుకు నడవాలని పండితుల కట్టుబాటు. అది తెలిసినవాడు కుడినుంచి ఎడమకు పేర్చుకుని సరైన సంఖ్య చదువుతాడు. తెలియనివాడు ఐదుతో మొదలయ్యే వేరే సంఖ్య చదువుతాడు. ఒకే పద్యంలో రెండూ ఉన్నాయి. గింజల లెక్క నిజం. చదివే దిక్కు ఒడంబడిక. ఒడంబడిక తెలియకపోతే నిజం మన చేతికి అందదు. ఒడంబడికే నిజమనుకుంటే గింజలు లెక్కపెట్టడం మరిచిపోతాం.

అందుకని తోటి ఉపాధ్యాయులకు నా మనవి ఇది. బోడ్‌మాస్ నేర్పండి, కానీ అది రోడ్డు నియమం వంటిదని చెప్పండి. ఘాతాంకాల సూత్రాలు నల్లబల్ల మీద రాసే ముందు కొలిపించండి, గళ్ళు లెక్కపెట్టించండి. పిల్లలు ఎదురు ప్రశ్న వేస్తే, "సూత్రం అట్లా ఉంది" అని నాలాగా అనకండి.

పిల్లలకు నా మాట ఇది. ఏ సూత్రం చదివినా, "ఇది మనం ఒప్పుకున్నదా, లేక ఎవరు ఒప్పుకోకపోయినా ఇంతేనా?" అని అడగండి. మీరు రాసేటప్పుడు అనుమానం వస్తే బ్రాకెట్ పెట్టండి. బ్రాకెట్లకు డబ్బులేం ఖర్చు కావు.

చివరగా మీకో పని. 2 + 3 × 4² విలువ 50. ఒక్క అంకె గానీ గుర్తు గానీ మార్చకుండా, బ్రాకెట్లు మాత్రమే పెట్టి దీన్ని 80 చేయవచ్చు, 146 చేయవచ్చు, 196 చేయవచ్చు, 400 కూడా చేయవచ్చు. ఏది ఎట్లాగో కనుక్కోండి. మీ జవాబు, మాస్టారి జవాబు వేరైతే, కాగితం పట్టుకుని ఆయన బల్ల దగ్గరికి వెళ్ళండి.